భీమిలిలో కెమెరా నిలిపే ముందు: ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ అధ్యక్షుల వారికి, మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారములు.

విశాఖపట్నాన్ని తెలుగు సినిమాకు ఒక కేంద్రంగా తీర్చిదిద్దాలన్న మాట 2014లో రాష్ట్రం విడిపోయిన నాటి నుంచి వినబడుతూనే ఉంది. ఆ మాట వచ్చినప్పుడల్లా కొత్త స్టూడియోలు, వాటికి కావలసిన స్థలాలు, నిర్మాతలకు ఇవ్వవలసిన రాయితీలు చర్చకు వస్తాయి. నగరానికి ఉత్తరంగా పాతిక కిలోమీటర్ల దూరంలో, సెట్టు వేయవలసిన పని లేకుండానే దశాబ్దాలుగా తెలుగు సినిమాకు నేపథ్యంగా నిలిచిన భీమునిపట్నం (మా భీమిలి) ప్రస్తావన మాత్రం చాలా అరుదుగా వస్తుంది. వచ్చినా, అక్కడ మంచి లొకేషన్లు ఉన్నాయన్న ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. ఆ లొకేషన్లు ఉన్నది ఒక ఊరిలో అన్న సంగతిని గుర్తు చేయడానికీ, ఆ ఊరి పాత కట్టడాలకు, ఎర్రమట్టి దిబ్బలకు, సినిమా జ్ఞాపకాలకు చిత్రీకరణ అనుమతి ఇచ్చే పద్ధతిలోనే రక్షణ కల్పించమని కోరడానికీ ఈ లేఖ రాస్తున్నాను. ఖజానా నుంచి కొత్తగా నిధులు ఇమ్మని నేను అడగబోవడం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

నేను భీమిలిలోనే పుట్టి పెరిగినవాణ్ణి. పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. పాఠ్యపుస్తకంలో డచ్చివారి గురించి రెండు వాక్యాలు ఉంటే, మా పిల్లలను వారి సమాధుల దగ్గరికే తీసుకుపోయి పాఠం చెప్పగలిగిన అదృష్టం నాకు కలిగింది. కాబట్టి ఊరి సంగతి కొంత విస్తరించి చెబితే మన్నించగలరు. ఆ చరిత్ర తెలియకపోతే సినిమావారు ఇక్కడికే ఎందుకు వస్తున్నారో కూడా అర్థం కాదు.

డచ్చి ఈస్టిండియా కంపెనీవారు పదిహేడో శతాబ్దంలో ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. 1754లో మరాఠాలు ఊరిని కొల్లగొట్టారు. 1825లో ఊరు డచ్చివారి చేతి నుంచి ఆంగ్లేయుల చేతికి మారింది. ఆ తరువాత ఐరోపా వర్తకులు వచ్చి గిడ్డంగులు, బంగళాలు కట్టించుకున్నారు. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి, సరుకంతా పడవల మీద అలలు దాటించి చేరవేసేవారు. మన ఉత్తరాంధ్ర పొలాల్లో పండిన గోగునార ప్రపంచ విపణిలో ‘బిమ్లి జూట్’ అన్న పేరుతోనే అమ్ముడుపోయింది. ఇంత చిన్న ఊరి పేరు లండన్ వర్తకుల లెక్కల పుస్తకాల్లోకి ఎక్కింది ఆ నార పుణ్యమా అనే. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలోని అతి పాత పురపాలక సంఘాలలో మాది ఒకటని మేము ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం, ఆ సంఘం మహా విశాఖలో కలిసిపోయి మేము తొంభై ఎనిమిది వార్డుల నగరంలో ఒక మూల అయినప్పటికీ.

ఆ వైభవం ఎలా పోయిందో కూడా చెప్పాలి. మద్రాసు, కలకత్తాలను కలిపిన రైలు మార్గం భీమిలిని తాకకుండా లోపలి నుంచి విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖ హార్బరు ప్రారంభం కావడంతో ఓడలన్నీ అటు మళ్ళాయి. గిడ్డంగులు ఖాళీ అయ్యాయి. వర్తకులు వెళ్ళిపోయారు. తరువాత చాలా కాలానికి, గోస్తనీ ఒడ్డున చిట్టివలస జూట్ మిల్లు కూడా మూతపడింది. వర్తకం నిలిచి ఉంటే ఆ పాత కట్టడాలన్నిటినీ ఏనాడో పడగొట్టి కొత్తవి కట్టేవారు. డబ్బు రాకపోవడం వల్ల ఎవరూ దేనినీ కదపలేదు. గడియార స్తంభం, పాత దీపస్తంభం, సెయింట్ పీటర్స్ చర్చి, డచ్చివారి శ్మశానంలో మొనదేలి పైకి లేచిన ఇటుక సమాధులు, సముద్రానికి ఎదురుగా వెడల్పాటి వరండాలు తీర్చిన బంగళాలు, వాటి వెనుక సందుల్లో పెంకుటిళ్ళు, అన్నీ ఒక్క నడకలో చూడగలిగినంత దగ్గరగా ఉండిపోయాయి. ఊరికి వచ్చిన నష్టమే తరువాత సినిమాకు లాభమైంది.

దీనికి తోడు ప్రకృతి చేసిన ఏర్పాటు ఒకటి ఉంది. అనంతగిరి కొండల్లో బొర్రా దగ్గర పుట్టిన గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. నదీముఖం మీద నిలబడితే ఒక పక్క ఉప్పునీరు, ఒక పక్క మంచినీరు, వెనుక పావురాలకొండ. ఆ కొండ మీద బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకున్న నీటి తొట్లు, కొండ వాలులో నరసింహస్వామి కోవెల ఉన్నాయి. దక్షిణంగా బీచ్ రోడ్డు వెంట కొద్ది దూరం వస్తే ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం తూర్పున, కొండలు పడమట ఉండటం వల్ల ఉదయం వెలుతురు నేరుగా నీటి మీద నుంచి వచ్చి ముఖాలకు తగులుతుంది, సాయంత్రం సూర్యుడు కొండ వెనక్కి జారినా ఆకాశంలో మెత్తని వెలుగు చాలాసేపు మిగిలి ఉంటుంది. ఒక ఛాయాగ్రాహకుడికి రోజులో రెండు పూటలా ఇలాంటి వెలుతురు దొరికే చోటు, అందులోనూ నది, కొండ, సముద్రం, పాత వీధి అన్నీ అరగంట ప్రయాణంలో ఉన్న చోటు, మన రాష్ట్రంలో మరొకటి నాకు తెలియదు. ప్రొడక్షన్ మేనేజర్లు వేసుకునే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది: ఉదయం బీచ్, మధ్యాహ్నం పెంకుటిల్లు, సాయంత్రం దిబ్బలు. యూనిట్ బస ఒక్కచోటే.

విశాఖ సినిమా చరిత్ర భీమిలి సినిమా చరిత్ర కంటే పాతది. తెలుగు మాట తెర మీద నిండుగా వినిపించిన తొలి చిత్రం ‘భక్త ప్రహ్లాద’ 1932లో బొంబాయిలో తయారై వచ్చింది. తరువాత కొన్నేళ్ళ పాటు మన టాకీలు బొంబాయిలోనో, కలకత్తాలోనో, మద్రాసులోనో రూపుదిద్దుకొని, డబ్బాల్లో రైలెక్కి మన ఊళ్ళకు చేరేవి. తెలుగు గడ్డ మీదే స్టూడియో కట్టాలన్న సాహసం మొదట గోదావరి ఒడ్డున జరిగింది. 1936లో నిడమర్తి సూరయ్య గారు రాజమండ్రిలో దుర్గా సినీటోన్ నెలకొల్పారు. ఆ వెంటనే విశాఖలో ఆంధ్రా సినీటోన్ వెలిసింది. అక్కడ తయారైన ‘భక్త జయదేవ’ 1938లో విడుదలైంది, దర్శకత్వం వహించడానికి హీరేన్ బోస్ బెంగాలు నుంచి వచ్చారు. ఆ స్టూడియో ఎంతో కాలం నిలవలేదు. అయినా, హైదరాబాదులో తెలుగు సినిమా స్థిరపడటానికి ఎన్నో ఏళ్ళ ముందే విశాఖలో ఒక టాకీ పూర్తయిందన్న సంగతిని చెప్పే రాతిఫలకం ఒక్కటైనా ఈ నగరంలో నా కంట పడలేదు. నిర్మాణం ఆగిపోయినా ప్రదర్శన, పంపిణీల విషయంలో విశాఖ ముందంజలోనే నడిచింది. పూర్ణా పిక్చర్స్ గ్రంధి మంగరాజు గారిని ఊరూవాడా ‘పూర్ణా మంగరాజు’ అనే పిలుచుకున్నారు. జగదాంబ జంక్షన్ అని మనం రోజుకు పదిసార్లు అనే పేరు సైతం ఒక సినిమా హాలుదే.

భీమిలి విషయానికి వస్తే, ఊరికి తెర మీద పేరు తెచ్చింది 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’. రంగుల సినిమాలు రాజ్యమేలుతున్న రోజుల్లో దర్శకుడు కె. బాలచందర్ దానిని నలుపు తెలుపుల్లో తీశారు. కమల్‌హాసన్ సరసన సరిత అనే కొత్త అమ్మాయి. తమిళ కుర్రాడు, తెలుగమ్మాయి పక్కపక్క ఇళ్ళలో ఉంటూ ప్రేమించుకోవడం, ఏడాది పాటు ఒకరినొకరు చూడకూడదన్న పెద్దల షరతు, చివరికి దారుణం. ఈ కథకు విశాఖ, భీమిలి తీరాలు వట్టి వెనుక తెరలా కాక కథలో ఒక మనిషిలాగే పనిచేశాయని నా అభిప్రాయం. రంగు లేకపోవడం వల్ల సముద్రం తెల్లటి నురుగుగా, పాత గోడలు నల్లటి మరకలుగా కనబడి, ఊరి వయసు ప్రేక్షకుడికి తెలియకుండానే తెలిసింది. రంగుల్లో తీసి ఉంటే అదొక అందమైన బీచ్‌గా మిగిలిపోయేదని నేను అనుకుంటాను. ఈ మాట మీద మా మిత్రులు నాతో ఇప్పటికీ వాదిస్తారు.

ఆ చిత్రం మద్రాసులో అనువాదం లేకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. 1981లో బాలచందర్ దానినే హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీసినప్పుడు కథ గోవాకు తరలిపోయింది. ఉత్తరాది ప్రేక్షకుడికి భీమిలి పరిచయమయ్యే ఒక్క అవకాశం అలా చేజారిందని మాకు ఈనాటికీ చిన్న బాధ. ఆ తరువాత ఎందరో దర్శకులు విశాఖ తీరానికి వచ్చారు. జంధ్యాల గారికి ఈ నగరం మీద ఉన్న మక్కువ ఆయన చిత్రాలు చూసినవారందరికీ తెలుసు. డి. రామానాయుడు గారు భీమిలి పోయే దారిలో సముద్రం కనబడే కొండ మీద స్టూడియోనే కట్టించారు. 2010లో వచ్చిన ‘భీమిలి కబడ్డీ జట్టు’ మూలం తమిళ చిత్రమే అయినా, తెలుగు చేసినవారు కథకు తగిన ఊరి కోసం వెతికి మా ఊరి పేరు పోస్టరు మీదికి ఎక్కించారు. అలాంటి గౌరవం అరుదు. చాలా చిత్రాల్లో మా వీధి పేరు లేని ఏదో తీరప్రాంతపు ఊరై వచ్చి పోతుంది. టైటిల్స్‌లో కృతజ్ఞతల జాబితాలోనైనా భీమిలి కనబడదు.

ఇంతవరకు చెప్పినది గర్వపడవలసిన సంగతి. ఇక మీ దృష్టికి తేవలసిన సంగతికి వస్తాను.

సముద్రానికి దగ్గరలో ఒక పాత బంగళా ఉంది. యజమానుల వివరాలు ఇక్కడ అవసరం లేదు. ఆ ఇంటి గోడలు రెండు మూరల మందాన ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి తొక్కించిన సున్నపు గచ్చు పూసినవి. ఏటా సంక్రాంతికి ముందు పలుచగా సున్నం కొట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. కొన్నేళ్ళ కిందట ఒక షూటింగుకు ఆ ఇల్లు అద్దెకు ఇచ్చారు. కథలో ఇల్లు నీలంగా ఉండాలట. కళావిభాగం వారు ఒక్క రాత్రిలో ముందు గోడకు, వరండా స్తంభాలకు ప్లాస్టిక్ రంగు పూశారు. ఇల్లు కొత్తగా మెరిసింది, యజమానులు కూడా సంతోషించారు, అద్దెతో పాటు రంగు ఖర్చు కలిసి వచ్చిందనుకున్నారు. యూనిట్ వెళ్ళిపోయింది.

సున్నపు గోడ నేల నుంచీ గాలి నుంచీ తేమ పీల్చుకుంటుంది, ఎండ వేళ తిరిగి వదిలేస్తుంది. ఉప్పుగాలి తగిలే తీరంలో ఆ గోడ నూటయాభై ఏళ్ళు నిలిచిందంటే ఈ ఊపిరి వల్లే. దాని మీద ప్లాస్టిక్ పొర పరిస్తే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది. తేమతో వచ్చిన ఉప్పు ఆ పొర వెనుక స్ఫటికాలుగా పేరుకొని గచ్చును లోపలి నుంచి నెడుతుంది. రెండో వానాకాలానికి ఆ గోడ మీద నీలం రంగు బుడగలు కట్టింది. వేలితో నొక్కితే అప్పడంలా విరిగి రాలింది. రాలిన చోట లోపలి ఇటుక ఎర్రటి పిండిగా చేతికి అంటింది. మేస్త్రీని పిలిస్తే సిమెంటు పూశాడు. దానితో తేమ పక్కకు పాకి, బాగున్న గోడను కూడా పట్టింది. ఇప్పుడు ఆ వరండాలో ఒక స్తంభానికి సగం ఎత్తు వరకు గచ్చు లేదు. తరువాత వచ్చిన లొకేషన్ మేనేజర్లు ఆ ఇల్లు చూసి, బాగా పాడైంది, వద్దు అని వెళ్ళిపోతున్నారట.

ఆ యూనిట్ వారిని నేను తప్పు పట్టను. సున్నపు గోడకు ప్లాస్టిక్ రంగు వేయరాదని వారికి ఎవరూ చెప్పలేదు. అదే నీలాన్ని సున్నంలో నీలిమందు కలిపి పూయించి ఉంటే కెమెరాకు తేడా తెలిసేది కాదు, గోడ బతికేది, ఖర్చు కూడా తగ్గేది. చెప్పవలసిన చోటు అనుమతి పత్రం. అందులో పోలీసు బందోబస్తు గురించి, ట్రాఫిక్ గురించి, శబ్దం గురించి నిబంధనలు ఉండటం ఎంత సహజమో, ఇలాంటి గోడల గురించి నాలుగు పంక్తులు ఉండటం అంతే సహజమని నా మనవి.

ఎర్రమట్టి దిబ్బల విషయం ఇంకా సున్నితమైనది. సముద్రమట్టం పెరుగుతూ తరుగుతూ వచ్చిన వేల సంవత్సరాల కాలంలో గాలి తెచ్చి పోసిన ఇసుక, ఇనుము తుప్పు పట్టినట్లు ఎర్రబారి ఏర్పడిన దిబ్బలివి. దక్షిణాసియాలో ఇలాంటివి ఇక్కడ కాక తమిళనాడులోను, శ్రీలంకలోను మాత్రమే ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా చేరాయి. మన ప్రేక్షకులకు మాత్రం ఇవి యుగళగీతాల దిబ్బలు. ఆ గీతాల మీద నాకు ఏ కోపమూ లేదు, కొన్నిటిని ఇప్పటికీ కూనిరాగం తీస్తాను. అయితే ఈ దిబ్బ రాయి కాదు. ఇసుక రేణువులను కాస్త బంకమన్ను పలుచగా పట్టి ఉంచడం వల్లనే అది నిలబడుతోంది. నడిచే మనిషి బరువును ఎలాగో తట్టుకుంటుంది గాని, జనరేటర్ వ్యాను చక్రం, క్రేను కింది ఇనుప పలక, ట్రాలీ పట్టాల కింద సమం చేయడానికి పార పెట్టి చెక్కిన మట్టి, వీటిని తట్టుకోలేదు. పై పొర ఒకసారి చెదిరితే వచ్చే తుపానుకే అక్కడ గండి పడుతుంది, తరువాతి ఏడు ఆ గండి వాగవుతుంది. దిబ్బల మీద షూటింగు పూర్తిగా ఆపేయమని నేను అనడం లేదు. బండ్లన్నీ రోడ్డు మీదే ఉండాలి, కెమెరా చేతి మీదనో తేలికపాటి స్టాండు మీదనో వెళ్ళాలి, నటీనటులు నడవవలసిన దారి ముందే నిర్ణయించి ఉండాలి. ఇప్పుడు అరచేతిలో పట్టే కెమెరాలు, డ్రోన్లు వచ్చాక ఇది పెద్ద ఇబ్బంది కాదని సినిమావాళ్ళే చెబుతున్నారు.

మూడవది, అంటే ఊరి సినిమా జ్ఞాపకం, కంటికి కనబడనిది కావడం వల్ల ఎవరి పరిధిలోకీ రాకుండా పోయింది. ఏ చిత్రంలో ఏ సన్నివేశం ఏ గోడ పక్కన తీశారో చెప్పగలిగినవారు ఊళ్ళో కొద్దిమందే మిగిలారు. షూటింగు కోసం పడవలను అద్దెకు ఇచ్చి, కెమెరాకు అనువుగా అల దాటించి చూపిన జాలరులు ఉన్నారు. యూనిట్ మొత్తానికి ఇడ్లీలు, చేపల పులుసు వండి పంపిన ఇల్లాళ్ళు ఉన్నారు. గుంపులో నిలబడి నడిచినందుకు డబ్బుతో పాటు తెర మీద ఒక్క క్షణం దక్కించుకొని, ఆ క్షణం ఏ రీలులో వస్తుందో ఇప్పటికీ ఠక్కున చెప్పే రిక్షా కార్మికులు ఉన్నారు. నా శిష్యుడి తండ్రి ఒకాయన, వృత్తి రీత్యా దర్జీ, ఒక సినిమాకు రాత్రికి రాత్రి కుట్టి ఇచ్చిన చొక్కా కొలతలను తన పాత కొలతల పుస్తకంలో చూపించాడు. నటుడి పేరు రాయలేదు, ‘సినిమా అబ్బాయి’ అని రాసి, పక్కన భుజం, ఛాతీ, చేతి పొడవు అంకెల్లో వేసి, ‘కాలరు పెద్దది’ అని గీత గీశాడు. పుస్తకం అట్టను చెదలు కొంత తినేశాయి. భీమిలి సినిమా చరిత్రకు ఇంతకు మించిన ఆధారపత్రాలు దొరకవు, దొరికినవి ఇలా పోతున్నాయి.

కనుక నేను కోరేది ఇది. భీమిలి పరిధిలో చిత్రీకరణకు అనుమతి ఇచ్చేటప్పుడు, పాత కట్టడమైతే షూటింగుకు ముందూ తరువాతా దాని స్థితిని ఫోటోలతో నమోదు చేయించండి. సున్నపు గోడల మీద ప్లాస్టిక్ రంగులు, సిమెంటు, మేకులు నిషేధిస్తూ ఒక షరతు చేర్చండి. యూనిట్ నుంచి కొంత మొత్తం ధరావతుగా తీసుకొని, ఉన్నది ఉన్నట్టు అప్పగిస్తే తిరిగి ఇచ్చేయండి. ఇల్లు ప్రైవేటు వ్యక్తులదైనా ఈ షరతు వర్తించాలి, ఎందుకంటే అద్దె వచ్చే రోజున యజమాని కాదనలేడు, కాదనడానికి అతనికి ఒక కాగితం ఆసరా కావాలి. చిత్రీకరణ కోసం చెల్లించే రుసుములో కొంత వాటాను ఈ ఊరి కట్టడాలకే కేటాయించి, ఏ సంవత్సరం ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో వార్డు కార్యాలయం గోడ మీద రాయించండి. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు జిల్లాలో ఇంకా కొందరు ఉన్నారు. వారి చేత నలుగురు కుర్రాళ్ళకు ఆ పని నేర్పించడానికి ఆ వాటా నుంచే వీలవుతుంది. వారికి సినిమా కళావిభాగాల్లోనే పని దొరకవచ్చు.

టైటిల్స్‌లో ఊరి పేరు వేయాలన్నది రూపాయి ఖర్చు లేని షరతు. ప్రారంభంలో కాకపోయినా, చివర్లో పైకి పోయే అక్షరాల్లో ‘భీమునిపట్నం, విశాఖపట్నం జిల్లా’ అని ఉంటే చాలు. విదేశాల్లో తీసిన పాటకు ఆ దేశపు పర్యాటక సంస్థకు కృతజ్ఞతలు చెప్పడం మన నిర్మాతలకు అలవాటే కాబట్టి, ఇది కొత్తగా నేర్పవలసిన మర్యాద కాదు.

జ్ఞాపకాల నమోదుకు కావలసింది ఒక గది, ఒక రికార్డరు, ఓపిక ఉన్న ఇద్దరు విద్యార్థులు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడి చరిత్ర, జర్నలిజం విభాగాల పిల్లలకు ఇది ప్రాజెక్టుగా ఇస్తే ఒక్క వేసవిలో సగం పని పూర్తవుతుంది. నగరపాలక సంస్థ చేతిలో ఉన్న ఏ పాత భవనంలోనైనా ఒక గదిని ఇందుకు కేటాయించి, ఫోటోలు, పోస్టర్లు, కొలతల పుస్తకాల వంటివి భద్రపరిస్తే, బీచ్ చూసి గంటలో వెనక్కి తిరిగే సందర్శకుడు మరో గంట ఊళ్ళో గడుపుతాడు. ఆంధ్రా సినీటోన్ కథను కూడా ఆ గదిలోనే చెప్పవచ్చు. ఆ స్టూడియో ఉన్న నగరంలో దానికి ఇంకెక్కడా చోటు లేదు మరి.

షరతులు పెడితే నిర్మాతలు గోవాకో శ్రీలంకకో పోతారని మీ వద్ద ఎవరైనా అనవచ్చు. పోనివ్వండి అనేంత తెగింపు నాకు లేదు. షూటింగు వచ్చిన వారం మా ఊరి హోటళ్ళు, ఆటోలు, లాడ్జీలు కళకళలాడతాయి, ఆ డబ్బు అవసరమైన ఇళ్ళు చాలా ఉన్నాయి. కాని వారు వచ్చేది గోడ పాతదై ఉండటం వల్ల, దిబ్బ చెక్కుచెదరక ఉండటం వల్ల. ఆ రెండూ పోయాక రాయితీలిచ్చి పిలిచినా రారు, స్టూడియోలోనే పచ్చతెర ముందు భీమిలిని గీసుకుంటారు. పైగా నిబంధన ముందే రాసి ఉంటే నిర్మాతకు కూడా సుఖం. పని మొదలుపెట్టాక ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు వచ్చి అడ్డుపడే తలనొప్పి తప్పుతుంది.

పాత కట్టడాలలో కొన్ని ఒక శాఖ పరిధిలో, కొన్ని మరో శాఖ పరిధిలో, ఎక్కువ భాగం సొంతదారుల చేతుల్లో ఉన్నాయి. కాబట్టి ఏ ఒక్క కార్యాలయమూ ఒంటరిగా ఈ పని చేయలేదన్నది నాకు తెలుసు. అందుకే ఈ లేఖను మీ ఇద్దరినీ ఉద్దేశించి రాశాను. అనుమతి ఇచ్చేది ఒకరు, ఊరిని చూసుకునేది మరొకరు. ఇద్దరి సంతకాలు ఒకే కాగితం మీద పడితే మిగిలిన శాఖలు కాదనవు.

మా ఊరి విశ్రాంత ఉద్యోగులం కొందరం కలిసి, షూటింగులు ఎక్కువగా జరిగే ఇళ్ళు, వీధులు, తీరప్రాంతాలను ఒక పటంలో గుర్తించే పని మొదలుపెట్టాం. పటంలో సందుల పేర్లు, ఇంటి గోడ సున్నపుదా సిమెంటుదా అన్న వివరం, పెద్ద బండి వెళ్ళగల దారి, వెళ్ళకూడని దారి రాస్తున్నాం. మీ తరఫున ఒక ఇంజనీరును, అనుమతుల విభాగం నుంచి ఒక అధికారిని పంపితే, వారితో కలిసి ఊరంతా నడిచి చూపించడానికి సిద్ధంగా ఉన్నాం. గచ్చు పరిస్థితి బాగా తెలిసేది తొలి వానలు పడ్డ తరువాత కాబట్టి ఆ రోజుల్లో వస్తే మంచిది. ఉదయం ఆరు గంటలకే వస్తే ఎండ ముదరక ముందే దిబ్బలు కూడా చూసి రావచ్చు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
భీమునిపట్నం, విశాఖపట్నం జిల్లా